వేమన ప్రశ్నకు మన జవాబు

కర్నూలు, కడప సీమలలో బడి మెట్టెక్కనివారి నోట సయితము వేమన పద్యము వినవచ్చును. చేనిగట్టున కూర్చున్న రైతు పొరుగువాని డంబమును ఎత్తిపొడువవలెనన్న, వేమన మాటయే అతనికి ముల్లుగర్ర. ఆ కవి స్వస్థలమునుగూర్చి పండితులలో భిన్నాభిప్రాయములున్నను, కదిరికి చేరువనున్న కటారుపల్లెలో ఆయన సమాధి యున్నదని జనులు నమ్ముదురు. ఆయన పద్యములను సేకరించి 1829లో ఆంగ్లానువాదముతో అచ్చువేయించిన సి. పి. బ్రౌన్ దొర, 1820లో ఉద్యోగియై వచ్చినది కడపకే. బ్రౌన్ తండ్రి కలకత్తాలో క్రైస్తవ గురువు. కాబట్టి క్రైస్తవులు వేమనను చదువుట క్రొత్త సంగతి కాదు. ఎట్లు చదువవలెనన్నదే విచారింపదగిన సంగతి.

మన బోధకులలో కొందరు వేమనను ఇతరులమీద విసరుటకు రాయిగా వాడుకొందురు. విగ్రహములను, తీర్థయాత్రలను, కులగర్వమును ఆయన హేళన చేసెను గనుక, మీ కవియే మా పక్షమున సాక్ష్యమిచ్చెనని వాదింతురు. ఇది న్యాయమైన పఠనము కాదు. వేమన క్రైస్తవుడు కాడు, యోగమార్గమును మెచ్చినవాడు. వెలుపలి ఆచారము లోపలి మనసును మార్చగలదా అని ఆయన నిలదీసిన ప్రశ్న ఏ ఒక్క మతమువారికో పరిమితమైనది కాదు. అది బాప్తిస్మమునకును వర్తించును. ఆదివారము తెల్లబట్టలతో ప్రభు బల్లయొద్దకు వచ్చి, సోమవారము దొంగ తూనికలు తూచువాడును, పేటకొక గుడి వేరుగా నుండవలెనని పట్టుపట్టు సంఘపెద్దయు, వేమన ముందర తలవంచుకొనవలసినవారే.

ఇంతవరకు వేమన మంచి వైద్యుడు. రోగమును సరిగా గుర్తించెను. మందు విషయములోనే మనము ఆయనతో విభేదింపవలసియున్నది. ఎవని మనసును వాడే అదుపులో పెట్టుకొనవలెనని ఆయన బోధ. గొప్ప బోధయే. కాని మనసును అదుపుచేయవలసినది ఏది? ఆ మనసే గదా! ఇది దొంగను పట్టుటకు ఆ దొంగనే కాపలా పెట్టినట్లున్నది. రోమీయులకు వ్రాసిన పత్రికలో ఏడవ అధ్యాయమున అపొస్తలుడైన పౌలు మొఱ్ఱపెట్టినది ఈ చిక్కునుగూర్చియే. సారా మానెదనని పిల్లల తలమీద చేయివేసి ఒట్టుపెట్టుకొని, పొద్దుగూకకముందే దుకాణమునొద్ద నిలిచిన మనుష్యుని మనమందరము ఎరుగుదుము. ఆ ఒట్టు అబద్ధము కాదు. దానిని నిలుపుకొను బలము వానిలో లేదు.

అంతకుముందు ఆరవ అధ్యాయములో పౌలు దాస్యమును ఉపమానముగా తీసికొనెను. మన సీమవారికి ఆ ఉపమానము విప్పి చెప్పనక్కరలేదు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు ఆసామి యింట జీతమునకుండుటను పెద్దలు కన్నులార చూచియున్నారు. ఏండ్లు గడచును, వడ్డి పెరుగును, అప్పు మాత్రము తీరదు. 1976లో పార్లమెంటు చట్టము చేసి అట్టి వెట్టిని రద్దుచేసెను. ఆ చట్టము అప్పును కొట్టివేసెను గాని మరునాటికి కూడు వండి పెట్టజాలదు. ఆకలియైనవాడు మరల ఆ వాకిటికే పోయిన, తప్పు వానిదని యెవరనగలరు?

క్రీస్తు చేసిన విడుదల ఇంతకంటె గొప్పది. ఆయన సిలువమీద మన అప్పు తీర్చెను. దానికి మనము చేర్చవలసినది చిల్లిగవ్వయు లేదు. అంతటితో విడువక, మనలను తన యింట చేర్చుకొని కూడు పెట్టుచున్నాడు. ఆ యింటి కూడే పరిశుద్ధాత్మ యిచ్చు బలము. ఆ విడుదలను అందుకొను చెయ్యి విశ్వాసము. పాత ఆసామి వాకిలి తొక్కక, క్రొత్త యజమానుని పొలములోనికి నడచు కాలు విధేయత. చెయ్యి చాచి కాలు కదపనివాడు ఇంకను పాత యింటనే యున్నాడు. అందుచేతనే పౌలు ఆ పత్రిక మొదటను చివరను విశ్వాసమును విధేయతను జంటగా చెప్పెను. మన సభలలోనైతే విడుదలనుగూర్చిన పాటలు మెండు, విధేయతనుగూర్చిన బోధ కొంచెము. ఈ లోపము వేమనది కాదు, మనదే.

లండను మిషనువారు 1822లో కడపలో పని ఆరంభించి రెండు వందల యేండ్లు దాటినవి. ఇన్నాళ్లు మన యిరుగుపొరుగువారు చదివినది మన గ్రంథమును కాదు, మన నడతను. జక్కయ్య ప్రభువును ఇంట చేర్చుకొన్నప్పుడు, తాను అన్యాయముగా తీసికొన్నదానిని నాలుగంతలు తిరిగి యిచ్చెదననెను. యెరికో పట్టణమునకు అంతకన్న గొప్ప ప్రసంగము అక్కరలేకపోయెను. నేడు వేమనయే మన గుమ్మములో నిలిచి తన ప్రశ్న మరల అడిగిన, మనమేమి చూపగలము? సరిచేసిన త్రాసు, తిరిగి యిచ్చిన సొమ్ము, అన్నదమ్ముల మధ్య తీరిన గట్టు తగవు: ఇవి యున్నయెడల జవాబు ఉన్నట్లే. చదువరీ, నీ యింట ఆ మూటిలో ఏది కొరతగా నున్నదో నేటి రాత్రి ప్రభువు సన్నిధిని చూచుకొనుము.