సందుగలో పహాణీ

మా ఊరి చరిత్ర రాద్దామని కూర్చున్నప్పుడు ఇంట్లో సందుగ తెరిస్తే భూముల లెక్క రాసే పహాణీ నకళ్లు దొరికాయి. మా తాత పట్వారీ. ఒక ఫసలీ సంవత్సరంలో వేరే రైతు పేరున ఉన్న 3 ఎకరాలు, మరుసటి ఫసలీకల్లా మా తాత పేరు మీద ఉన్నాయి. ఎట్లా మారాయో ఏ కాగితమూ చెప్పదు. ఆ నకలు మడిచి మళ్లీ సందుగలోనే పెట్టేశాను. నాలుగు నెలలు ముట్టుకోలేదు.

ఆ రోజుల్లోనే సర్వేపల్లి గోపాల్ తన తండ్రి రాధాకృష్ణన్ మీద రాసిన జీవితచరిత్ర చదివాను. 1989లో అచ్చయింది. తండ్రి తత్వవేత్త, రాష్ట్రపతి. ఆయన పుట్టినరోజునే బడిపిల్లలు గురువులకు పూలిస్తారు. అలాంటి తండ్రికి ఉన్న వివాహేతర సంబంధాలను ఆ కొడుకు దాచలేదు. ఆ పేజీల దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

గోపాల్ కాగితాల మధ్యే పెరిగిన చరిత్రకారుడు. రిప్పన్ ప్రభువు పాలన మీద ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధన 1953లో పుస్తకమైంది. తర్వాత విదేశాంగ శాఖ చరిత్ర విభాగానికి డైరెక్టరయ్యారు. 1959లో చైనాతో సరిహద్దు తగవు ముదిరితే, లండన్‌లోని ఇండియా ఆఫీసు పాత పటాలూ ఉత్తరాలూ చూసి రమ్మని ఆయన్ని పంపారు. అక్సాయ్ చిన్ మీద మన వాదనకు బలముందన్న నమ్మకంతో తిరిగొచ్చారు. 1960లో పెకింగ్, ఢిల్లీ, రంగూన్‌లలో చైనా అధికారులతో జరిగిన చర్చల్లోనూ ఉన్నారు. ఒక ప్రభుత్వం తరఫున కాగితాలు వెతికేవాడి కంటికి, ఆ ప్రభుత్వానికి పనికొచ్చేదే ముందు ఆనుతుందేమోనని నాకు గుబులు. ఎంత నిజాయితీపరుడికైనా అది తప్పదనిపిస్తుంది.

మళ్లీ ఆక్స్‌ఫర్డ్, ఆ తర్వాత జేఎన్‌యూ. తాను కొలువు చేసిన నెహ్రూ మీద 1975 నుంచి 1984 దాకా మూడు సంపుటాలు తెచ్చారు. గొప్ప పనే. కానీ నెహ్రూ దగ్గర ఆయన కలం మెత్తబడిందని నా అభిప్రాయం. కన్నతండ్రి దగ్గరికి వచ్చేసరికి అదే కలం గట్టిపడింది. ఆ గట్టితనం కోసమే నేను ఆ పుస్తకాన్ని రెండోసారి చదివాను.

నిన్న ఆ నకలు మళ్లీ బయటికి తీశాను. ఆ రైతు మనవరాలు మా ఊళ్లోనే, చెరువు కింది వాడలో ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. రేపు పొద్దున పోయి ఆ 3 ఎకరాల సంగతి అడగాలి.