‘చేసి ఉన్నాను’, ‘చేస్తూ ఉన్నాను’: ఇంగ్లీషు పర్ఫెక్ట్ రూపాల తెలుగు సమానార్థకాలు – ఒక పరిశీలన

ఇంగ్లీషు వ్యాకరణాన్ని తెలుగులో వివరించే మార్గదర్శక గ్రంథాలు ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు ‘చేసి ఉన్నాను’ అనీ, ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్‌కు ‘చేస్తూ ఉన్నాను’ అనీ సమానార్థకాలు ఇవ్వడం పరిపాటి. కంఠస్థం చేయడానికి ఇది అనుకూలమే. కాని ఈ సమీకరణం తెలుగు క్రియకు న్యాయం చేయదు. ఇంగ్లీషులో ఏ రూపాన్ని ఎప్పుడు ఎన్నుకోవాలో విద్యార్థికి చెప్పదు.

మేడ్చల్ చెంతనున్న అత్వెల్లి నివాసి ‘పదేళ్ళుగా అత్వెల్లిలో ఉంటున్నాను’ అన్నాడనుకుందాం. దీనిని ‘ఐ హావ్ లివ్డ్’ అనీ, ‘ఐ హావ్ బీన్ లివింగ్’ అనీ రెండు విధాలా అనువదించవచ్చు. నివాసం, ఉద్యోగం వంటి అర్థాలు గల క్రియలలో ఇంగ్లీషులోనే ఈ రెంటికీ భేదం స్వల్పం. అదే వ్యక్తి ‘పదేళ్ళు అత్వెల్లిలో ఉన్నాను’ అంటే, ‘మరి ఇప్పుడెక్కడ?’ అని అడుగుతాం. ఈ భేదంలో ప్రధాన పాత్ర కాలవాచకానికి చేరిన ‘గా’ది. ‘అతను నాకు పదేళ్ళుగా తెలుసు’ అన్న వాక్యం మరింత స్పష్టమైన సాక్ష్యం. ‘తెలుసు’కు కాలభేదమే లేదు, భారమంతా ‘గా’ మోస్తుంది. ఇంగ్లీషులో ఇక్కడ ‘హావ్ నోన్’ తప్ప కంటిన్యువస్ రూపం చెల్లదు. ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని రాసిన విద్యార్థిని దండించే ముందు, అతడు తన తెలుగు వాక్యానికి ఎంత విధేయుడో గమనించాలి.

అసలు ఎంపిక పుస్తకం చదవడం వంటి క్రియల దగ్గర వస్తుంది. ‘ఐ హావ్ రెడ్’ అంటే ‘చదివాను’, సందర్భాన్ని బట్టి ‘చదివేశాను’. ‘ఐ హావ్ బీన్ రీడింగ్’ అంటే ‘చదువుతున్నాను’, కొన్నిచోట్ల ‘చదువుతూ వస్తున్నాను’; పుస్తకం ముగిసిందని ఇది చెప్పదు. ‘చదివి ఉన్నాను’ వాడుకలో అరుదు. ‘చదివి ఉంటాడు’ అంటే అది ఊహ. బాలవ్యాకరణం క్రియను వర్తమాన, భూత, భవిష్యత్, తద్ధర్మార్థకాలుగా విభజించింది. అందులో పర్ఫెక్ట్‌కు ప్రత్యేక స్థానం లేకపోవడం చిన్నయసూరి లోపం కాదు.

అయితే ‘చేసి ఉన్నాను’ పూర్తిగా కృతకమనలేం. దస్తావేజుల భాషలో అది సజీవం. ‘సొమ్ము పొంది యున్నాను’ అన్నప్పుడు చర్య ముగిసింది, దాని ఫలితం నిలిచి ఉంది. ‘నాటి నుండి సాగు చేసుకొనుచున్నాను’ అన్నప్పుడు చర్యే ఎడతెగక నడుస్తోంది. పొలాలు ప్లాట్లుగా మారుతున్న మేడ్చల్ పరిసరాలలో ఈ తేడా హక్కుకు సంబంధించినది. రెండవ వాక్యాన్ని ‘నాటి నుండి’ వదలి ‘హావ్ కల్టివేటెడ్’ అని అనువదిస్తే, ఎప్పుడో సాగుచేసి మానేసినట్లు కూడా చదువుకోవచ్చు. ‘హావ్ బీన్ కల్టివేటింగ్’ అంటే నాగలి ఇంకా ఆ పొలంలోనే ఉంది.