ఫొటోలో లేని దగ్గు

నలుపు తెలుపు ఫొటోకు హైకూను జతచేసే కళకు జపాన్‌లో ఒక పెద్దదిక్కు ఉంది. దాని పేరు హైగా. కుంచెతో నాలుగు గీతల్లో తేల్చిన బొమ్మ, పక్కనే అదే కుంచెతో రాసిన హైకూ, ఇంతే హైగా. హైకూ మహాకవి బషో (1644–1694) దాన్ని సాధన చేశాడు. బుసన్ (1716–1784) దాన్ని శిఖరానికి చేర్చాడు. బుసన్‌ది ఒక చేత్తో రెండు విద్యలు చేసిన ప్రతిభ. బషో యాత్రాగ్రంథం ‘ఓకు నో హొసొమిచి’ మొత్తాన్ని స్వయంగా నకలు రాసి, నడుమ నడుమ బొమ్మలు వేసి, అలాంటి ప్రతులు ఒకటి కాదు, అనేకం తయారుచేశాడు. కెమెరా వచ్చాక గీతల చోటును ఫొటో ఆక్రమించింది. చరిత్ర ఈపాటి చాలు, అసలు సంగతి పనితనంలో ఉంది.

ఆ పనితనం అర్థం కావాలంటే బషో కాకి దగ్గరికి వెళ్ళాలి. శరదృతువు సాయంత్రాన ఎండు కొమ్మ మీద వాలిన కాకి గురించి ఆయన 1680 ప్రాంతంలో చెప్పిన హైకూ జగత్ప్రసిద్ధం. జపాన్ భాషలో నామవాచకానికి ఏకవచనం, బహువచనం అని తేడా ఉండదు. అందుకే ఆ హైకూతో ఉన్న పాత బొమ్మల్లో ఒకదానిలో కొమ్మల నిండా, ఆకాశం నిండా కాకులు కనిపిస్తాయి. శిష్యుడు క్యోరికు బొమ్మలో మాత్రం ఒకే ఒక్క కాకి. మాట వదులుగా వదిలేసినదాన్ని బొమ్మ బిగించింది. ఆ క్యోరికు గురించి బషో అన్న మాట ఎంత గొప్పదో: కవిత్వంలో తాను అతనికి గురువైతే, చిత్రలేఖనంలో అతను తనకు గురువట. జతకట్టే కళకు ఇంతకన్నా మంచి ఉపోద్ఘాతం లేదు.

తెలుగులో ఆ వెసులుబాటు లేదు. ‘కాకి’ అనాలి, లేదా ‘కాకులు’ అనాలి. కానీ తెలుగుకు మరో బలముంది. క్రియ లేకుండానే వాక్యం నిలబడుతుంది. ఒక నామవాచకం దగ్గర ఆగిపోయినా అర్థం ఆగదు. ఈ బలాన్ని గుర్తించి వాడిన వాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు ఇస్మాయిల్ (1928–2003). కాకినాడ పి.ఆర్. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పిన ఆ కవి ‘కప్పల నిశ్శబ్దం’ పేరుతో హైకూ సంపుటి తెచ్చాడు. పాత చెరువులోకి దూకిన బషో హైకూలోని కప్పకు తెలుగు చెరువులో ఇంత చక్కటి జవాబు మరొకటి రాలేదు. గాలి నాసరరెడ్డి, పెన్నా శివరామకృష్ణ, బి.వి.వి. ప్రసాద్ వంటివారు 1990లలో ఈ ప్రక్రియను తెలుగు చేశారు.

పాదాల లెక్క మీద తెలుగులో వాదం ఉంది. 5-7-5 అంటే పదిహేడు అక్షరాలేనని ఒక పక్షం పట్టుబడుతుంది. ఆ పట్టుదలకు పునాది బలహీనం. జపాన్‌వాళ్ళు లెక్కపెట్టేది మన అక్షరాన్ని కాదు. వాళ్ళకు దీర్ఘం రెండుగా లెక్క. అంటే అది మన మాత్రకు దగ్గర. ‘తిరువూరు’ అన్న ఊరిపేరు అక్షరాల్లో నాలుగు, మాత్రల్లో అయిదు. మాత్రల లెక్కన ఆ ఒక్క పేరే మొదటి పాదాన్ని నింపేస్తుంది. కాబట్టి వేళ్ళు మడిచి అక్షరాలు లెక్కపెట్టడం కన్నా, ఒక్క ఊపిరిలో చెప్పగలిగేంత క్లుప్తత చూసుకోవడం మేలు. ఈ విషయంలో లెక్క పట్టించుకోని ఇస్మాయిల్ దారే సరైన దారి.

ఇక ఫొటో. రంగు తీసేసినంత మాత్రాన నలుపు తెలుపు ఫొటో అయిపోదు. చిక్కటి నలుపు నుంచి కాగితపు తెలుపు దాకా బూడిద వన్నెలను మెట్లు మెట్లుగా పరచాలి. ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ ఆ మెట్లను సున్నా నుంచి పది దాకా పదకొండుగా లెక్కకట్టారు. హైకూకు జోడయ్యే ఫొటోకు అన్ని మెట్లూ అక్కర్లేదు. ఫొటోగ్రాఫర్ మైకేల్ కెన్నా జపాన్‌లోని హొక్కైడో మంచులో తీసిన చెట్ల ఫొటోల్లో దాదాపు అంతా తెలుపే, చెట్టు ఒక్కటే సిరాగీత. రాత్రిపూట గంటల తరబడి షట్టర్ తెరిచి ఉంచగల ఓపిక ఆయనది. తెలుగువాళ్ళు మాత్రం అంతదూరం చూడనక్కర్లేదు. ‘మాయాబజార్’ (1957)లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే నీళ్ళ మీద ఆరబోసిన వెన్నెల చాలు. రంగు ఉంటే ఆ వెన్నెల అంత చల్లగా ఉండేది కాదు.

ఇందాక మాత్రలు లెక్కపెట్టిన తిరువూరే ఈ కళకు తగిన చోటు. విజయవాడ నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని, చుట్టూ మామిడి తోటలున్న ఊరు. వేసవి మిట్టమధ్యాహ్నపు ఎండ వన్నెలన్నిటినీ మింగేస్తుంది. చలికాలపు తెల్లవారుజాము వేరు. మంచు దిగిన తోటలో దగ్గరి మాను నల్లగా, దాని వెనక వరస బూడిదగా, ఆపై వరస పొగలా, చివరి వరస ఉందో లేదో తెలియకుండా ఉంటుంది. కెమెరా మీటరు ఆ తెల్లదనానికి మోసపోయి ఫొటోను మురికిగా చేస్తుంది. ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగు ఇస్తేనే మంచు మంచులా వస్తుంది.

అలాంటి ఒక ఫొటోను ఊహిస్తే పని తీరు తెలుస్తుంది. మంచులో మామిడి తోట. ముందున్న మాను కింద ఒక నులకమంచం, ఖాళీ. మనిషి లేడు. దీనికి చాలామంది రాసేది ఇది:

మంచు కమ్మిన తోట
చెట్టు కింద
ఖాళీ మంచం

ఇందులో తప్పులేదు, అవసరమూ లేదు. కన్ను చూసిందే నోరు మళ్ళీ చెప్పింది. ఇది హైకూ కాదు, ఫొటో కింది వివరణ. ఇప్పుడు ఇలా ఉంటే:

మామిడి పూత—
నిన్నటిదాకా వినిపించిన
దగ్గు

ఫొటోలో దగ్గు లేదు. పద్యంలో మంచం లేదు. రెండూ పక్కపక్కన చేరగానే తోట కాపలా ముసలాయన వచ్చి నిలబడతాడు, మరుక్షణం లేకుండా పోతాడు. ‘పూత’ రుతువును చెప్పింది, ముక్కుకు వాసన తెచ్చింది. అడ్డగీత జపాన్ హైకూలోని విరుపుమాట పని చేసింది. ఆఖరి పాదం క్రియ లేకుండా ఆగి, మిగతాది మంచానికి వదిలేసింది. బషో బృందం గొలుసు పద్యాల్లో ఒక పద్యానికి మరొకటి ‘వాసన’తో అతకాలని అనేది. ఫొటోకు పద్యం అతకాల్సింది కూడా అలాగే, జిగురుతో కాదు.

అక్షరాల కూర్పు సగం కళ. హైగాలో బొమ్మా రాతా ఒకే కుంచెవి కాబట్టి తగువు లేదు. తెలుగు లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి, పాదాల మధ్య గాలి ఆడాలి. ఫొటోలోని ఖాళీ మీద పద్యాన్ని అచ్చేయడం ఆ ఖాళీని చంపడమే. అంచు బయట, చిన్న అక్షరాల్లో, వీలైతే చేతిరాతలో ఉంటే శోభ.

ఇంత సున్నితమైన కళకు నేడు పట్టిన గతి చూస్తే కడుపు రగులుతుంది. సెల్‌ఫోన్‌లో ఒక్క మీట నొక్కితే రంగు పోతుంది, దాన్నే కళ అంటున్నారు. అస్తమిస్తున్న సూర్యుడు, తాటిచెట్టు నీడ, ముడతలు పడ్డ అవ్వ ముఖం, వాటిమీద మూడు ముక్కలుగా విరిచిన ఒక నీతి వాక్యం, కింద శుభోదయం! అవ్వ పేదరికాన్ని అలంకారంగా వాడుకోవడం కవిత్వం కాదు, దోపిడీ. ఫొటో తీసినవాడి పేరు కత్తిరించి పంచుకోవడం అంతకన్నా ఘోరం. ఎర్రలైటు కింద ట్రేలో కాగితం మీద బొమ్మ మెల్లగా తేలడాన్ని ఊపిరి బిగబట్టి చూసిన స్టూడియోవాళ్ళు ఆ విద్య నేర్చుకునేవాళ్ళు లేక మిగిలిపోయారు. ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్‌లో తయారైన ‘ఇందు’ ఫిల్ము మూతపడ్డ కర్మాగారంతోపాటే పోయింది.

పత్రికల సంపాదకులు ఆదివారం సంచికలో అరపేజీ ఈ జంటకు ఇవ్వాలి. ఫొటోగ్రాఫర్ పేరు, కవి పేరు ఒకే సైజు అక్షరాల్లో వేయాలి. పాత డార్క్‌రూమ్ మనుషులు ఇంకా ఉన్న ఊళ్ళలో కాలేజీలు వాళ్ళను పిలిచి పిల్లల ముందు ఒక్క ప్రింటైనా వేయించాలి. తిరువూరు తోటల్లో పూత జనవరికి వస్తుంది, మంచు కూడా అప్పుడే ఉంటుంది.