బొడ్డు మీద ఐదు రూపాయల బిళ్ళ

రెండో నెలలో మా మనవడి బొడ్డు పొంగింది. ఏడిస్తే నిమ్మకాయంత, నిద్రపోతే రేగుపండంత. వేలితో మెల్లగా నొక్కితే గుడగుడమని లోపలికి జారేది. వాడు కాళ్ళు తన్నగానే మళ్ళీ పైకి వచ్చేది.

కోడలు ఆళ్లగడ్డలో పుట్టింట్లో ఉంది. వియ్యంకుడు శిల్పి. "రాయిలో పొంగుంటే ఉలితో దించేస్తాం బావా, దీన్నేం చెయ్యాల?" అని బిడ్డ చుట్టూ తిరుగుతున్నాడు. వియ్యపురాలు ఆలోచించలేదు. ఐదు రూపాయల బిళ్ళకు దూది చుట్టి, బొడ్డు మీద పెట్టి, గుడ్డతో బిగించింది. "మా పిల్లోళ్ళకంతా ఇట్లే కట్టినాము గదన్నా, అందరికీ తగ్గిపాయ!"

తగ్గిన మాట నిజమే. కట్టకపోయినా తగ్గేది. పేరు మాత్రం బిళ్ళకొచ్చింది.

నంద్యాలకు తీసుకెళ్ళాం. అక్కడ పిల్లల డాక్టరు కట్టు విప్పితే కింద చర్మం ఎర్రగా ఒరిసిపోయి, చెమటకు నాని ఉంది. బొడ్డు లోపల చిటికెన వేలు పెట్టి సందు చూశారు. కడుపులో ఉన్నప్పుడు బొడ్డుతాడు వెళ్ళే దారి అది, పొట్ట కండరంలో ఉంగరంలా ఉంటుంది. పుట్టాక మూసుకోవాలి. ఆలస్యమైతే అందులోంచి పేగు తొంగిచూస్తుంది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినవాళ్ళలో ఇది ఎక్కువ. మావాడు ఎనిమిదో నెల బిడ్డ. బొడ్డు కోసినవాళ్ళను తిట్టిన తిట్లన్నీ వృథా అన్నమాట! ఏడుపు వల్ల వచ్చిందీ కాదు. ఏడ్చినప్పుడు పైకి కనబడుతుంది, అంతే.

నాలుగైదేళ్ళలోపు చాలామందికి దానంతటదే మూసుకుపోతుందట. మూసుకోకపోతే అప్పుడు చిన్న ఆపరేషన్. సందు రెండు సెంటీమీటర్లు దాటితే ఆ అవసరం పడే అవకాశం ఎక్కువ. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, రంగు మారినా, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తూ వాంతులు చేసుకున్నా అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. గజ్జల్లో ఉబ్బు వేరే సంగతి. అది దానంతటదే మానదు, ఆపరేషన్ చెయ్యాల్సిందే. ఈ తేడా మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు, పేపర్లో రాసుకునే నాతో సహా.

బిడ్డతో కోడలినీ, వియ్యపురాలినీ దిగబెట్టడానికి ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్ ఉచితం, నాకే డబ్బులు కావాలి. కండక్టరు చిల్లర అడిగాడు. నేను జేబులు తడుముకుంటుంటే వియ్యపురాలు కొంగుముడి విప్పి ఐదు రూపాయల బిళ్ళ నా చేతిలో పెట్టింది. దానికింకా దూది పోగు అంటుకునే ఉంది.