గుంటలో కాలు, పైన కొక్కెం

గద్వాల చీర అనగానే అందరూ జరీ అంచుతో మాట మొదలుపెడతారు. నాకు ముందు కంటికి కనిపించేవి మగ్గానికి కట్టిన తాళ్లు.

గుంట మగ్గంలో నేతగాడి కాళ్లు నేలమట్టానికి కింద ఉంటాయి. అక్కడ చెక్క తొక్కితే ఆ కదలిక తాడు పట్టుకుని పోగులను లేపే చట్రం దాకా వెళుతుంది. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, కొన్ని లేచి, కొన్ని దిగి, అడ్డపోగును (పేకను) మోసే నాడెకు దారి తెరుచుకుంటుంది. అంచు పువ్వుల పని మగ్గం పైన ఉండే జకార్డ్ యంత్రానిది. దాని నమూనా అట్టలో రంధ్రం ఉన్నచోట సూది దూరుతుంది, దాని కొక్కెం లేస్తుంది, కొక్కేనికి కట్టిన తాడు తన పోగును లేపుతుంది.

ఈ తాళ్లు కట్టేవాడి చేతికి దండం పెట్టాలి. ఒక్కటి వదులైనా ఆ పోగు సరిగ్గా లేవదు. నాడె దాని మీదుగా పోయి నేత చెడుతుంది. గద్వాల చీరకు ఈ పని మరీ కఠినం. చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ ఒకేలా సాగవు. అవి కలిసేచోట పేకలు ఒకదానికొకటి మెలిక వేసుకోవాలి.

ఒకచోట కదిపితే తాడు పట్టుకుని ఇంకోచోట కదలడం మగ్గానికే పరిమితం కాదు. 1903లో రైట్ సోదరుల విమానంలో పైలట్ నడుము పక్కకు జరిపితే తీగలు రెక్కల చివర్లను మెలితిప్పేవి. ఇంటి దగ్గర సొంతంగా విమానం కట్టుకునేవాళ్లు ఇప్పటికీ కడ్డీలు బిగించి, నట్టు ఊడకుండా పిన్ను వేసి, స్టిక్ కదిపి రెక్క చివరకేసి చూస్తారు. మగ్గం కట్టినవాడూ అంతే. ఒకసారి తొక్కి, తలెత్తి, కొక్కేల వరుసను చూస్తాడు. మళ్లీ తొక్కుతాడు.