మాట వినబడే పాట

ఏం వినమంటారు, ఏం చూడమంటారు అని అడిగినవాళ్ళకు ఇన్నాళ్ళూ నాలుగు పేర్లు చెప్పి ఊరుకునేవాణ్ణి. ఈమధ్య ఒక కుర్రాడు, నేను చెప్పిన రికార్డు విన్నాననీ, తనకేమీ అనిపించలేదనీ దాచకుండా చెప్పాడు. ఎలా విన్నావని అడిగాను. బస్సులో ఆఫీసుకు వెళ్తూ, మధ్యలో వచ్చిన ఫోన్లు మాట్లాడుకుంటూ విన్నానన్నాడు. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. పేరు చెప్పానే గాని ఎప్పుడు వినాలో, చెవి ఎక్కడ ఆన్చాలో నేను చెప్పలేదు. ఈ వారం ఆ బాకీ తీర్చుకుంటాను.

నాకు వినడం నేర్పింది మా మామయ్య, అమ్మకు పెద్దన్న. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. బడి చదువు పెద్దగా లేదు గాని వందల పద్యాలు నోటికి వచ్చు. ఆయన కొలబద్ద ఒక్కటే: మాట వినబడిందా, లేదా? రాగం సాగదీసి చప్పట్లు కొట్టించుకుని తెర వెనక్కి వచ్చిన నటుడితో, "గొంతు బాగుంది నాయనా, పద్యంలో ఏం చెప్పావో మాత్రం నాకు అందలేదు" అనేవాడు. కొందరు నొచ్చుకునేవారు. అయినా పై ఊళ్ళో నాటకం ఒప్పుకున్నప్పుడు హార్మోనియానికి ఆయన్నే రమ్మనేవారు.

ఆ కొలబద్ద పట్టుకుంటే నా మొదటి సిఫారసు ఘంటసాల పాడిన పుష్పవిలాపం. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యాలు. పూజకని పూలు కోయబోయిన మనిషితో పూలే మాట్లాడతాయి, అతను ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. అంతే కథ. కానీ వృత్త పద్యం పాడడంలో ఒక చిక్కుంది. పాదం ఎక్కడ ముగియాలో గణాలు చెబుతాయి, మాట కూడా అక్కడే ముగియాలని లేదు. చాలాసార్లు మాట సగంలో ఉండగానే పాదం అయిపోతుంది. అక్కడ ఆగి రాగం తీస్తే మాట రెండు ముక్కలవుతుంది. మన రంగస్థలం మీద ఇలా విరిగిన మాటలు ఎన్నో. ఘంటసాల పాదం దగ్గర ఆగడు, భావం దగ్గర ఆగుతాడు. ఊపిరి తీసుకున్నట్టు కూడా తెలియనివ్వడు. పద్యానికీ పద్యానికీ మధ్య మామూలు మాటల్లో చెప్పే చిన్న వాక్యాలు వినండి. మాట నుంచి పాటలోకి ఎక్కడ అడుగు పెట్టాడో పట్టుకోవడం కష్టం. మొదట పద్యాలు ఒకసారి పైకి చదవండి. ఇంట్లో అందరూ పడుకున్నాక, దీపం తగ్గించి, ఒక్క పుష్పవిలాపమే వినండి. దాని వెంటనే ఇంకొకటి పెట్టకండి.

రెండోది చెప్పడానికి కొంచెం సాహసం కావాలి. ఘంటసాల భగవద్గీత. ఆయన చివరి రోజుల్లో చేసిన పని అది. 1974 ఫిబ్రవరి 11న ఆయన వెళ్ళిపోయిన తర్వాత ఆ రికార్డు జనం చేతికి వచ్చింది. ఆ తర్వాత దానికి జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. శవయాత్ర బండి మీద మైకులో అదే, చావు ఇంటి ముందు షామియానా కింద అదే. క్రమంగా ఆ గొంతు వినబడితే వీధిలో ఎవరు పోయారని తలుపు తీసి చూడడం అలవాటైంది. మా ఇంట్లోనూ అంతే. నేను ఒక ఉదయం క్యాసెట్టు పెడితే అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఇంట్లో అందరం బాగానే ఉన్నాం కదరా, ఎందుకది?" అని ఆపేసింది.

యుద్ధం మధ్యలో నిలబడి చేతులు వణికిన మనిషికి, లేచి నీ పని చెయ్యి అని చెప్పిన మాటలవి. బతికి ఉన్నవాడికి చెప్పినవి. వాటిని పోయినవాళ్ళకే వదిలేశాం. ఆ రికార్డులో శ్లోకాల కంటే కూడా నేను తాత్పర్యం కోసం ఎదురుచూస్తాను. శ్లోకం పాడిన గొంతే దిగివచ్చి, పక్కన కూర్చుని చెబుతున్నట్టు తెలుగులో అర్థం చెబుతుంది. ఎక్కడా ఉపన్యాసం ధోరణి లేదు. ఒత్తుల మీద బరువు వేయడు, పదాన్ని విదిలించడు. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగాలేదు. ఆ అలసట గొంతులో ఉంది, దాన్ని దాచుకోలేదు. అందువల్లనేమో, ఆ తాత్పర్యాలు నమ్మాలనిపిస్తుంది. ఒక మామూలు ఉదయం, ఎవరికీ ఏమీ కాని రోజున, కిటికీలు తెరిచి వినండి. నాన్న పోయిన రెండేళ్ళకు అమ్మే ఒకరోజు అడిగింది, "ఆ ఘంటసాల గీత ఉందా నీ దగ్గర?" అని. ఇద్దరం కాఫీ తాగుతూ మొదటి పక్క మొత్తం విన్నాం.

నాటకాలకొస్తే నేను ముందుగా చెప్పేది కాటి సీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్య హరిశ్చంద్రీయము 1912 నాటిది. రాజ్యం పోగొట్టుకున్న హరిశ్చంద్రుడు కాశీలో కాటికాపరిగా నిలబడే ఘట్టం. అందులో మనం ఎదురుచూసే పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు, గుర్రం జాషువావి. శ్మశానవాటి పేరుతో జాషువా విడిగా రాసిన పద్యాలను నటులు తెచ్చి ఈ సీనులో చేర్చుకున్నారు. నటులు చేసిన మంచి పనుల్లో దీన్ని నేను పెద్దపీట మీద కూర్చోబెడతాను. నాటకం రాసినవాడు ఒకరు, అందులో శ్మశానానికి నోరిచ్చినవాడు ఇంకొకరు. ఆ రెండో మనిషి జీవితమంతా అంటరానితనం అనుభవించినవాడు. కాటిలో ఆ అంటుకు చోటు లేదని, అక్కడ అందరూ ఒకటేనని ఆయన అంటుంటే, రాజు వేషం తీసేసి కంబళి కప్పుకున్న హరిశ్చంద్రుడి నోట అది వింటుంటే, కథ పురాణం దాటి మన ఊళ్ళోకి వచ్చేస్తుంది.

చిన్నప్పుడు నేను చూసిన ఒక రాత్రి చెబుతాను. మా పక్క ఊళ్ళో తిరునాళ్ళ నాటకం. జనం అప్పటికీ వాడల వారీగానే కూర్చునేవారు. చింతచెట్టు అవతల, మైకు సరిగా అందని చోట, పల్లె నుంచి వచ్చినవాళ్ళు. మామూలుగా వన్స్‌మోర్ ముందు వరసల్లోంచి వచ్చేది. ఆ రాత్రి జాషువా పద్యం అయ్యాక చింతచెట్టు అవతలి నుంచి వచ్చింది. ఒక్క గొంతు ముందు, తర్వాత అందరూ. నటుడు ముందు వరసల వైపు చూశాడు. మామయ్య ఆ చూపు కోసం ఆగలేదు. వెంటనే శ్రుతి అందించాడు. పద్యం రెండోసారి మొదలైంది. ఈసారి హార్మోనియం దాదాపు వినబడలేదు, ఒక్క మెట్టు మీద వేలు ఉంచి వదిలేశాడు. "అక్కడికి మాట చేరాలి గదరా" అన్నాడు తర్వాత, నేను అడిగితే.

కాటి సీను ఇప్పుడు మీ ఊళ్ళో దొరక్కపోతే డి.వి. సుబ్బారావు గొంతులో వినండి. ఆయన హరిశ్చంద్రుడిని మా తరం మరచిపోదు. కానీ ఎప్పుడైనా పరిషత్తు పోటీల్లోనో, గుడి దగ్గరో ఈ నాటకం పడుతుందని తెలిస్తే మాత్రం వెళ్ళండి. ఆలస్యంగా మొదలవుతుంది, దుప్పటి తీసుకెళ్ళండి.

అన్నమయ్య పాటల్లో ఏది అని అడిగితే నేదునూరి కృష్ణమూర్తి స్వరపరచినవి, అందులోనూ ఆయన స్వయంగా పాడినవి. తిరుమల రాగి రేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, ఎలా పాడేవారో మాత్రం లేదు. ఆ ఖాళీని మన కాలపు విద్వాంసులు పూరించారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఒక దారి వేశాడు. నేదునూరి వందకు పైగా పాటలకు బాణీ కట్టాడు. ఒక్క నానాటి బతుకు చాలు ఆయన ఎంత జాగ్రత్తపరుడో చెప్పడానికి. రేవతి రాగం తీసుకున్నాడు, అయిదు స్వరాలే ఉన్న రాగం. పాటలోని నిర్వేదానికి అంతకంటే స్వరాలు అక్కర్లేదనిపిస్తుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడగా తిరుమల తిరుపతి దేవస్థానం తెచ్చిన బాలాజీ పంచరత్నమాలలో ఈ పాట దేశమంతా తిరిగింది. అది గొప్ప గానం, సందేహం లేదు. అయినా తెలుగువాడి నోట తెలుగు క్రియాపదం ముగిసే తీరు వినాలంటే నేదునూరి దగ్గరికే వెళ్తాను. రెండూ వరసగా వినండి, మీకే తెలుస్తుంది.

కూచిపూడి నృత్యనాటకాల్లో వెంపటి చినసత్యం చండాలిక. రవీంద్రుడి కథ, దప్పికగొన్న బౌద్ధ భిక్షువు ఆనందుడు అంటరాని పిల్ల చేతి నీళ్ళు అడుగుతాడు. ఎస్.వి. భుజంగరాయశర్మ తెలుగు చేశాడు, పట్రాయని సంగీతరావు సంగీతం కూర్చాడు. ఈ సంగీతరావు తండ్రి పట్రాయని సీతారామశాస్త్రి దగ్గరే విజయనగరంలో ఘంటసాల పాఠం నేర్చుకున్నాడు. మాటను గౌరవించే ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే అడుగులు ఆ ఊరికే పోతాయి. నేదునూరి చదువుకున్నదీ అక్కడి మహారాజా సంగీత కళాశాలలోనే.

కన్యాశుల్కం మొదట ఆడిందీ ఆ ఊళ్ళోనే, 1892లో. ఇప్పుడు మనం చదివేది గురజాడ బాగా పెంచి రాసిన 1909 నాటి కూర్పు. దాన్ని మొత్తం ఆడాలంటే ఒక రాత్రి చాలదు, అందుకే ప్రతి సమాజం తనకు తోచినట్టు కత్తిరించుకుంటుంది. జె.వి. రమణమూర్తి గిరీశంగా, అన్న సోమయాజులు రామప్పపంతులుగా ఏళ్ళ తరబడి ఆడిన ప్రదర్శన గురించి చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇవాళ ఎవరు వేసినా వెళ్ళండి. ఎవరూ వేయకపోతే ఇంకో మార్గం నేను చేసి చూశాను, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. నలుగురైదుగురు కూర్చుని పాత్రలు పంచుకుని గట్టిగా చదవండి. నటించవద్దు, చదివితే చాలు. పది నిమిషాల్లో ఎవరి మాట ఎవరిదో పుస్తకం చూడకుండానే తెలిసిపోతుంది. అగ్నిహోత్రావధానులు మాట్లాడినట్టు రామప్పపంతులు మాట్లాడడు, మధురవాణి ఎవరితో మాట్లాడితే ఆ మనిషికి తగ్గట్టు తన భాష మార్చుకుంటుంది. మా ఇంట్లో చదివినప్పుడు మధురవాణి పాత్ర తీసుకున్న మా కోడలు, ఆ సాయంత్రం తర్వాత ఆ పుస్తకం తన బీరువాలో పెట్టుకుంది.

సురభి మాయాబజారు కూడా చెప్పాలి, అక్కడ నా కొలబద్ద కాసేపు పక్కన పెడతాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబాల సమాజం అది. మగవాళ్ళే ఆడవేషాలు కట్టే రోజుల్లో తమ ఇంటి ఆడవాళ్ళను రంగస్థలం ఎక్కించిన కుటుంబాలు. నిప్పు, వాన, గాలిలో ఎగిరే పాత్రలు, రెప్పపాటులో మారే తెరలు. పిల్లలను తీసుకెళ్ళండి. వాళ్ళను ముందు కూర్చోబెట్టి, ఘటోత్కచుడు వచ్చినప్పుడు రంగస్థలం వైపు చూడకుండా వాళ్ళ మొహాల వైపు చూడండి.

చివరిది మాటే లేనిది. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును కచేరీ నడిపే వాద్యంగా నిలబెట్టిన మనిషి. పాత రికార్డులు, కొంచెం గీతల చప్పుడు ఉంటుంది, ఓర్చుకోండి. తెలిసిన త్యాగరాయ కృతి ఒకటి ఎంచుకుని, సాహిత్యం మనసులో పెట్టుకుని వినండి. కమాను ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో గమనించండి.

మామయ్యకు చివరి సంవత్సరం పక్షవాతంతో మాట పడిపోయింది. వారానికోసారి వెళ్ళి ఆయన మంచం పక్కన ద్వారం రికార్డు పెట్టేవాణ్ణి. కళ్ళు మూసుకుని వినేవాడు. ఎడమ చేతి వేళ్ళు దుప్పటి మీద మెట్లు నొక్కుతుండేవి, పెదవులు మాత్రం ఒక్కో పదం దగ్గర సరిగ్గా కదిలేవి.