చుట్టపుచూపు, వాలెన్సియా పద్ధతి

అనంతపురానికి స్పెయిన్ మరీ పరాయి దేశమేమీ కాదు. బార్సిలోనాలో పుట్టిన ఫాదర్ ఫెర్రర్ 1969లో ఈ కరువు జిల్లాకు వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన పెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీకి దశాబ్దాల పాటు స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు చందాలు పంపాయి. రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో ఇక్కడే టెన్నిస్ స్కూలు తెరిచింది. తమ చందాతో చదువుకునే పిల్లల్ని చూడడానికి స్పానిష్ దంపతులు పల్లెలో జీపు దిగడం, మెడలో బంతిపూల దండలు పడడం ఈ జిల్లా జనానికి అలవాటైన దృశ్యం. ఇక్కడివాళ్లు అక్కడికి చుట్టపుచూపుగా వెళ్లడమే అరుదు.

అలా వెళ్లిన వాళ్లలో ఒక లెక్కల సారు కుటుంబం ఉంది. ఆయన, భార్య, కాలేజీ చదివే కూతురు. కొన్నేళ్ల కిందట ఆర్డీటీలో వాలంటీర్లుగా పనిచేసి, వీళ్ల పక్కింట్లోనే అద్దెకున్న భార్యాభర్తలు ఇప్పుడు వాలెన్సియాలో ఉంటున్నారు. అప్పట్లో పండగ పూట విస్తరాకు ముందు కూర్చోబెట్టిన బాకీని తీర్చుకోవాలని పట్టుబట్టి పిలిచారు.

పిలవడమంటే ఫోన్లో రమ్మనడం కాదు. స్పెయిన్‌లో ఎవరింట్లోనైనా దిగేవాళ్లు వీసాకు ఆ ఇంటివాళ్ల ఆహ్వాన పత్రం చూపాలి. దాన్ని ఇచ్చేది అక్కడి జాతీయ పోలీసులు. ఇల్లు సొంతమా అద్దెదా, వచ్చేవాళ్లు ఏమవుతారు, ఎన్నాళ్లుంటారు అన్నీ చెప్పి, కాగితాలు చూపించి, ఇంటివాళ్లే పోలీసు ఆఫీసు చుట్టూ తిరగాలి. మన కోసం ఒకరు పోలీసుల ముందు కూర్చున్నారంటే, ఆ ఇంట్లో అడుగుపెట్టే ముందే వాళ్లకు రుణపడ్డట్టు.

మాడ్రిడ్ నుంచి వాలెన్సియాకు హైస్పీడ్ రైలు రెండు గంటల లోపే చేరుస్తుంది. అసలు ప్రయాణం మొదలయ్యేది ఆ తర్వాత, ఇంటి గడియారంతో. మధ్యాహ్న భోజనం రెండున్నరకు, రాత్రి భోజనం తొమ్మిదిన్నర దాటాక. ఇది వాళ్ల బద్ధకం కాదు. లండన్‌తో సరితూగాల్సిన సమయాన్ని నియంత ఫ్రాంకో ప్రభుత్వం 1940లో ఒక గంట ముందుకు జరిపింది, మళ్లీ ఎవరూ వెనక్కి తిప్పలేదు. జూన్ చివర్లో అక్కడ సూర్యుడు అస్తమించేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. ఎండ ఉండగా రాత్రి భోజనానికి ఎవరు కూర్చుంటారు? కానీ ఎనిమిదికల్లా తిని షుగర్ మాత్ర వేసుకునే సారుకు ఇది చిన్న చిక్కు కాదు.

కనీసం మధ్యాహ్నం దాకా ఆగే చిక్కును విప్పింది ఆ ఊరి అలవాటే. వాలెన్సియాలో పొద్దున పదిన్నర ప్రాంతంలో ఇంకో తిండి వేళ ఉంది, ఎస్మోర్సారెట్ అంటారు. బారెడు రొట్టెలో కూరిన కూర, పక్కన ఆలివ్ కాయలు, ఒక గిన్నెడు వేయించిన చెనిక్కాయలు. చెనిక్కాయలు! అనంతపురం మనిషి అయిదు వేల మైళ్లు పోయినా అవి వదల్లేదు. వేరుశనగలో వాలెన్సియా అనే రకమే ఒకటుంది మరి. రెండు ప్రాంతాలకూ ఆ పంట దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే.

ఆదివారం మధ్యాహ్నం పాయెయ్యా. నారింజ కట్టెల మంట మీద వెడల్పాటి పలుచని పెనం, అందులో కోడి, కుందేలు, చిక్కుళ్లు, డబుల్ బీన్స్, టమాటా, కుంకుమపువ్వు. ఉల్లిపాయ వేస్తే పాతకాలం వాళ్లు ఒప్పుకోరు. బియ్యం ఊరికి దక్షిణాన ఉన్న అల్బుఫేరా సరస్సు పొలాలవి. సాయం చేద్దామని సారు భార్య ఆ బియ్యాన్ని కుళాయి కింద పెట్టబోతే, ఇంటావిడ పరుగున వచ్చింది. "అక్కా, కడగొద్దు!"

కడిగితే గింజ మీది పిండి పోతుందని వాళ్ల బాధ. బియ్యం పడ్డాక గరిటె కూడా పెట్టరు. అడుగంటనిస్తారు. మన ఇళ్లలో తిట్లు తినే ఆ మాడు కోసం అక్కడ పిల్లలూ పెద్దలూ పెనం చుట్టూ స్పూన్లతో పోటీ పడతారు. ఎవరి ముందున్న భాగం వాళ్లదే, పక్కవాళ్ల వైపు చెయ్యి చాచకూడదు. సారు భార్య కుందేలు ముక్కల్ని పక్కకు నెట్టి, మాడును మాత్రం గీకి గీకి తిన్నది.

సారుకు నచ్చింది మాత్రం గురువారం. కెథడ్రల్ గుమ్మం ముందు మధ్యాహ్నం పన్నెండుకు నీళ్ల పంచాయితీ కూర్చుంటుంది. తురియా నది నుంచి సాగే ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకున్న పెద్దలు, నల్లటి అంగీలు వేసుకుని, గొడవలు వినేది నోటిమాటగానే, తీర్పు చెప్పేది అక్కడికక్కడే. యునెస్కో 2009లో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. చాలా వారాలు ఫిర్యాదే రాక నిమిషాల్లో లేచిపోతారు. తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) చివరి ఆయకట్టులో పొలమున్న మనిషికి ఆ ఖాళీ పంచాయితీ కంటే చూడదగ్గ వింత ఇంకేముంటుంది?

ఇలా తెలిసినవాళ్ల ఇంట్లో దిగడంలో ఇంకో మేలూ ఉంది. 2024లో స్పెయిన్‌కు దాదాపు 9 కోట్ల 40 లక్షల మంది విదేశీయులు వచ్చారు, దేశ జనాభాకు దాదాపు రెట్టింపు. ఇళ్లన్నీ టూరిస్టు గదులై అద్దెలు పెరిగాయని జనం వీధికెక్కారు. బార్సిలోనా 2028 చివరికల్లా అలాంటి ఫ్లాట్లకు లైసెన్సులు ఎత్తేస్తామని ప్రకటించింది. ఆ లెక్కన స్నేహితుల ఇంట్లో దిగడం ఊరికి కూడా మంచిదే. అయితే అందుకు అద్దె ఉంది: వాళ్లు తినే వేళకు తినాలి, వాళ్లు పడుకుంటే చప్పుడు చెయ్యకూడదు, కనీసం ఒక పూట పొయ్యి దగ్గర నిలబడాలి. ఈ మూడూ వద్దనుకునేవాళ్లు హోటల్‌కు పోవడం ఉత్తమం.

సారు కుటుంబం తమ పూట ఉగ్గాని, బజ్జీలు చేసిపెట్టింది. బొరుగులు పెట్టెలో ఇక్కడినుంచే వెళ్లాయి.

మీరూ అలా బయలుదేరుతుంటే ఒక మాట. పాలు, నెయ్యి, మాంసం, వాటితో చేసిన చాలా పదార్థాలను యూరప్‌లోకి రానివ్వరు, కాబట్టి పాలకోవా మానేసి బొరుగులు, పుట్నాల పొడి సర్దుకోండి. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆహ్వాన పత్రానికి వారాలు పట్టవచ్చు గనుక, టికెట్లు కొనేలోపే మీ స్నేహితులకు ఫోన్ చెయ్యండి.